ఆగూమాత వెలసిన సెర్‌థాంగ్ కనుమ

హిమాలయాలలో, సముద్రమట్టానికి పన్నెండు వేల అడుగుల ఎత్తున సెర్‌థాంగ్ కనుమ ఉన్నది. ఏడాదిలో ఎనిమిది నెలలు దారి మంచులో మూసుకుపోతుంది. జూన్ మొదలు సెప్టెంబరు వరకే భక్తులకు దర్శనం. గర్భాలయంలో విగ్రహం లేదు. నడుము ఎత్తు నల్లరాయి, దానికి చుట్టిన ఉన్ని శాలువా మాత్రమే ఉంటాయి. అమ్మవారి పేరు ఆగూమాత. ఆ పేరు మన తెలుగు మాటలా వినిపిస్తున్నదని ఇక్కడికి వచ్చే తెలుగువారు ఆశ్చర్యపడుతుంటారు. అది తెలుగు మాటే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కనుమకు దిగువన మట్టి రన్‌వే ఒకటి ఉండేది. లోయలోని పల్లెలకు మందులు, ఉప్పు తెచ్చే చిన్న విమానం అక్కడ దిగేది. కెప్టెన్ మాథుర్ దానిని నడిపేవాడు. బొబ్బిలి వాడైన సన్యాసినాయుడు మెకానిక్కు.

ఒక అక్టోబరు ఉదయాన రెక్కల మీద సన్నని మంచు పొర గడ్డకట్టి ఉన్నది. నాయుడు చేత్తో తడిమి చూశాడు.

"సార్, గరుకుగా ఉంది. ఎండెక్కేదాకా ఆగుదాం."

"అవతల మబ్బు కమ్ముతోంది నాయుడూ. ఇప్పుడు పోకపోతే వారం రోజులు ఇక్కడే. ఇంత పొరకు ఏం కాదులే."

నాయుడు రెండోసారి చెప్పలేదు. తానూ ఎక్కి కూర్చున్నాడు.

అంత ఎత్తున గాలి పలచన. పైగా రెక్క మీది గరుకు పొర ఆ గాలిని సాఫీగా పారనివ్వలేదు. విమానం లేచింది గాని ఎత్తు అందుకోలేక కనుమ వాలు మీద కూలింది. మాథుర్ అక్కడికక్కడే మరణించాడు. నాయుడు కాలు విరిగి, ఒక నల్లరాతి పక్కన పడి, తెలివీ తెలియని స్థితిలో "ఆగు... ఆగు..." అని కలవరించసాగాడు.

జడల బర్రెలను తోలుకువస్తున్న ఆంగ్మో అనే ఆమె పొగమంచులో ఆ పిలుపు విని వచ్చింది. అతణ్ణి బర్రె మీద వేసుకుని ఇంటికి చేర్చింది. నాలుగో రోజు విచారణకు అధికారులు వచ్చారు.

"తప్పు కెప్టెన్‌దేనా?" అని అడిగారు.

"ఆయన తొందరపడ్డారు. నేను తెలిసీ ఊరుకున్నాను. రెండూ రాసుకోండి" అన్నాడు నాయుడు. అతని ఉద్యోగం పోయింది.

ఆరేళ్ల తరువాత అతడు కర్ర ఊతతో కనుమకు తిరిగి వచ్చాడు. నల్లరాతి ముందు వెన్న దీపం వెలుగుతున్నది. ఆంగ్మో చేతులు జోడించి "ఆగూ మా" అంటున్నది. అది అతని కులదేవత పేరని ఇన్నాళ్లూ ఆమె నమ్మింది.

నాయుడు కర్ర పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాడు. "అక్కా, అది దేవత పేరు కాదు. ఆ రోజు నేను గట్టిగా అనవలసిన మాట. అనలేకపోయాను."

ఆంగ్మో వత్తి ఎగదోసింది. "ఆ మాట వినే కదా నేను నీ దగ్గరికి వచ్చాను. నాకు దేవతే" అన్నది.

నాయుడు మరి బొబ్బిలి వెళ్లలేదు. రాతి చుట్టూ గోడ కట్టి, ఎండ తగిలేలా పైకప్పు వేయకుండా వదిలి, బతికినన్నాళ్లూ దీపం పెట్టాడు.

నేటికీ కనుమ దాటే లారీ డ్రైవర్లు, హెలికాప్టర్ పైలట్లు తెల్లవారగానే ఇక్కడికి వచ్చి, తమ తొందర ఏమిటో అమ్మవారికి పైకి చెప్పుకుని, రాతి మీది మంచు ఎండకు కరిగేదాకా కూర్చుంటారు. పూజారి ముందుగా మాథుర్ పేరు చెప్పి హారతి ఇస్తాడు. తోటివాడి తప్పు చూసినప్పుడు నోరు పెగిలే ధైర్యాన్ని ఈ తల్లి ప్రసాదిస్తుందని ఇక్కడివారి విశ్వాసం.