ఆరడుగుల దూరంలో మాణిక్యమ్మ నవ్వు

నూకరత్నానికి ఫోటో తియ్యడం రాదు.

ఈ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. అద్దం ముందు కూడా అనలేదు, అద్దం వింటుందేమోనని. కాకినాడలో హసీనక్క స్టూడియోలో రెండేళ్ళు పనిచేసిన మాట నిజమే. కానీ అక్కడ చేసిందేమిటి? నేల తుడిచింది, లైట్లు ఇటు నుంచి అటు జరిపింది, ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళ తలలు దువ్వింది. కెమెరా మీట మాత్రం ఒక్కసారీ నొక్కలేదు. "రేపట్నుంచి నీకు ఫోటో తియ్యడం నేర్పుతానే" అని హసీనక్క అన్న సాయంత్రమే బస్సెక్కి పిఠాపురం వచ్చేసింది. ఎందుకంటే, తనకి ఫోటోలు తియ్యడం వచ్చేసిందని ఇంట్లో అప్పటికే చెప్పేసింది. వచ్చేసిన విద్యని మళ్ళీ నేర్చుకుంటే అబద్ధం ఆడినట్టు కాదూ!

బస్సు కదులుతుంటే హసీనక్క కిటికీ దగ్గరికొచ్చి, "పోతే పోయావు గానీ, ఏమీ తెలియకపోతే మాత్రం నాకు ఫోన్ చెయ్యవే" అంది. రత్నం ఆ మాట మనసులో పెట్టుకుంది. రోజూ పొద్దున్నే లేచి చూసుకునేది. ఒకరోజు అన్నం వార్చడం తెలిసేది, ఒకరోజు తన పేరు తెలిసేది. బొత్తిగా ఏమీ తెలియని రోజంటూ రాలేదు. అంతే, ఫోన్ చెయ్యలేదు.

ఇక ఆ ఇంటి సంగతి. వాళ్ళు బుర్రావారు. "ఇంటిపేరులోనే ఉంది, మనకి బుర్ర లేదనేవాడెవడు?" అంటాడు తండ్రి సత్తిరాజు, మీసం దువ్వుకుంటూ. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని, తను తడుస్తూ వచ్చే మనిషి. అన్న తాతబ్బాయి నిచ్చెన పట్టుకోమంటే గట్టిగా పట్టుకుని, పైన మనిషి ఉండగానే దాన్ని ఇంటికి తెచ్చేసిన ఘనుడు. తల్లి సూరమ్మ సంగతి మీరే చూస్తారు. ఈ ముగ్గురూ రత్నాన్ని చూసి, "మా అందరి బుర్రా కలిపి దీనికొచ్చింది" అని మురిసిపోయేవారు. ఓ కెమెరా, మూడు లైట్లు కొనిపెట్టి, వీధివైపు రేకుల గదికి స్టూడియో అని బోర్డు కూడా కట్టారు. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, మధ్యలో సన్నటి ఇటుక గోడలు.

బోర్డు కట్టిన మధ్యాహ్నమే బెల్లంకొట్టు మాణిక్యమ్మ వచ్చింది. నోటికి కొంగు అడ్డం.

"ఏమే రత్నం, డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఒక్క ఫోటో దిగలేదు. కోడలు పళ్ళు కనపడేలా నవ్వకూడదని మా అత్త. ఆవిడ పోయినా కొంగు పోలేదు. నాకు మిగిలిందల్లా ముందు పళ్ళు రెండు. రేపు పొద్దున్న డాక్టరు అవీ పీకేస్తాడట. అవి ఉండగానే ఒక్క నవ్వు ఫోటో తియ్యవే."

రత్నం నేల తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుంది. "దానికేం భాగ్యం పిన్నమ్మా, అరుగు మీద కూర్చో. గది సర్ది పిలుస్తాను" అంది.

హసీనక్క మాటలన్నీ రత్నానికి నోటికొచ్చు. నేల తుడుస్తూ విన్నవే. మొదటిది: "నేల తెల్లగా ఉండాలి. కింద నుంచి వెలుగు లేచి గడ్డం కింద చీకటి పోతుంది. దాని మీద మచ్చ పడకూడదు." తాతబ్బాయి వెళ్ళి తెల్లటి ప్లాస్టిక్ పట్ట తెచ్చి నేలంతా పరిచాడు. గది పాలసముద్రంలా అయింది. సూరమ్మ చూసి నొచ్చుకుని, కొత్త నేల బోసిగా ఉంటే అశుభమని, మచ్చ పడకుండా తెల్లటి ముగ్గుపిండితోనే ముగ్గు వేసింది. ఇంకేముంది, ఆ ముగ్గు ఎక్కడుందో ఎవరికీ కనపడదు, తొక్కడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

"మనిషి లోపలికెళ్తే మచ్చ పడుతుంది, వెళ్ళకపోతే ఫోటో పడదు" అన్నాడు సత్తిరాజు గుమ్మంలో నిలబడి.

"నాన్నా, ఎవరూ తొక్కని నేల ఎక్కడుంటుంది? పైన!" అన్నాడు తాతబ్బాయి.

అంతే. పట్ట తీసి పైకప్పుకి మేకులు కొట్టారు. ముగ్గుపిండి నలుగురి నెత్తినా రాలింది. ఇప్పుడు నేల మీద మచ్చ పడే ప్రసక్తే లేదు.

"మరి వెలుగు కింద నుంచి గడ్డం మీదికి లేవాలి కదా. ఇప్పుడు పై నుంచి నెత్తి మీద పడుతోందే" అంది సూరమ్మ.

"మాణిక్యమ్మగార్ని తలకిందులుగా నిలబెడితే సరి."

"నిన్ను నిలబెట్టుకోరా తాతబ్బాయ్" అంది మాణిక్యమ్మ అరుగు మీద నుంచి. "ఈ వయసులో కాళ్ళ మీద నిలబడ్డమే గొప్ప."

"పోనీ కెమెరా తలకిందులు చేద్దాం" అని సత్తిరాజు తీర్పు చెప్పాడు. "అందరూ ఒప్పుకున్నట్టు ఉంటుంది."

రెండోది లైట్ల సంగతి. మాణిక్యమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి లైటు వేశారు. గోడ మీద ఆమె నీడ నల్లగా, కొప్పుతో సహా పడింది. గోడ మీద నీడ పడకూడదని హసీనక్క అనేది. సూరమ్మ తడిగుడ్డ తెచ్చి గోడ తుడిచింది. గోడ తడిసింది గానీ నీడ కదల్లేదు. అటు నుంచి ఇంకో లైటు వేశారు. రెండు నీడలయ్యాయి. మూడోది వేశారు. మూడయ్యాయి.

"ఈ లైట్లు ఈనుతున్నాయిరా!" అని సత్తిరాజు వెనక్కి గెంతాడు.

"ఓ పక్క నా ఒక్కదానికే ఫోటో లేదంటే, నీడలతో కలిపి నలుగురం అయ్యాం" అంది మాణిక్యమ్మ. "నవ్వమంటారా, దవడలకి కాస్త విశ్రాంతి ఇమ్మంటారా?"

"నవ్వుతూనే ఉండు పిన్నమ్మా, ఇదిగో అయిపోయింది" అంది రత్నం. అప్పుడు గుర్తొచ్చింది మూడో మాట: "మనిషి గోడకి ఆరడుగుల దూరంలో ఉండాలి. నీడ గోడని చేరకూడదు."

సత్తిరాజు టేపు తెచ్చాడు. వెనక గోడకి ఆరడుగులు కొలిచి స్టూలు వేశాడు. ముందు గోడ రెండడుగుల్లో ఉంది. ముందు గోడకి ఆరడుగులు కొలిస్తే వెనక గోడ మీదికొచ్చింది. పక్క గోడలకి కొలిచినా అదే తంతు. మాణిక్యమ్మ స్టూలు చంకన పెట్టుకుని గది చుట్టూ ప్రదక్షిణాలు చేసింది, నవ్వుతూనే.

"ఏ గోడకో చెప్పిందా మీ అక్క?"

"గోడకి అంది నాన్నా. ఇవన్నీ గోడలే కదా."

"అయితే తప్పు మనిషిది కాదు, గోడలది" అన్నాడు సత్తిరాజు.

ఇంకేముంది! తాతబ్బాయి గునపం తెచ్చాడు. వెనక గోడ పోయింది, వంటిల్లు కనపడింది. ముందు గోడ పోయింది, వీధి లోపలికొచ్చింది. దక్షిణం గోడ పోతే ఓ మేక వచ్చి నిలబడింది. నాలుగో గోడ పక్కింటి వాళ్ళది. "అది మనది కాదు కాబట్టి లెక్కలోకి రాదు" అని వదిలేశారు. నాలుగు స్తంభాల మీద రేకులు, రేకులకి అంటుకుని తెల్లటి నేల, దాని కింద ఇటుక ముక్కల మధ్య మాణిక్యమ్మ. గునపం తగిలి కరెంటు తీగ తెగింది, లైట్లు మూడూ ఆరిపోయాయి.

"నీడలు పోయాయి!" అని సూరమ్మ చప్పట్లు కొట్టింది. "అదీ బుర్రంటే!"

పొద్దు వాలుతోంది. దుమ్ములో, మసకలో, మాణిక్యమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. కొంగు తీసేసింది. ఆ రెండు పళ్ళూ తెల్లగా, ఒకదానికొకటి ఒరిగి, పాత స్నేహితురాళ్ళలా ఉన్నాయి. రత్నం తలకిందుల కెమెరా కంటికి పెట్టుకుంది. మీట కోసం వెతికింది. మీట ఉండాల్సిన చోట లేదు. అసలు ఉండాల్సిన చోటెక్కడో కూడా తెలీదు.

"అమ్మాయ్" అంది మాణిక్యమ్మ మెల్లిగా, నవ్వు చెదరకుండా. "ఈ పళ్ళకి రేపటిదాకానే టైముంది. నిజం చెప్పు. నీకు ఫోటో తియ్యడం వచ్చా?"

ముగ్గురూ గర్వంగా రత్నం వైపు చూశారు. మేక కూడా చూసింది.

రత్నం చుట్టూ చూసింది. ఏది లోపలో ఏది బయటో తెలీలేదు. నేల ఏదో పైకప్పు ఏదో తెలీలేదు. పొద్దున్న తనకి ఏం తెలిసిందో కూడా గుర్తు రాలేదు. తన పేరు గుర్తు చేసుకుందామంటే బుర్రలో ఇటుకలు రాలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక్కసారిగా ఆమె ముఖం వెలిగిపోయింది.

"నాకు ఏమీ తెలీదు పిన్నమ్మా!" అని అరిచింది. "ఏమీ! ఇప్పుడు హసీనక్కకి ఫోన్ చెయ్యొచ్చు!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదే?"

"ఎప్పుడూ ఏదో ఒకటి తెలుస్తూనే ఉండేది!"

మాణిక్యమ్మ నెత్తి కొట్టుకోబోయి, నవ్వు చెదురుతుందని ఆగింది. "చెయ్యి తల్లీ, చెయ్యి. ఆఖరి బస్సుకైనా ఆవిణ్ణి రమ్మను. అందాకా నేను మూతి మూసుకోను."

రత్నం జాకెట్లోంచి ఫోన్ తీసింది. సత్తిరాజుకి ఒక అనుమానం వచ్చింది. "హసీనమ్మగారి స్టూడియో గోడలు ఇక్కడికి ఎంత దూరం?"

"కాకినాడ నాన్నా."

"ఆరడుగులుంటుందా?"

"పైనే ఉంటుంది."

"అయితే ఫోటోకి అక్కడి గోడలే నయం" అన్నాడు సత్తిరాజు. "ఆవిడ బస్సెక్కడం దేనికి? అక్కడి నుంచే తీసేస్తుంది. ఒరేయ్, అందరూ సర్దుకోండి!"

సూరమ్మ కొప్పు ముడిచింది. తాతబ్బాయి గునపం భుజాన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మేకని మధ్యకి లాగారు. మాణిక్యమ్మ ముందు వరసలో, రెండు పళ్ళూ కాకినాడ వైపు తిప్పి.

"రింగవుతున్నంతసేపూ ఎవరూ రెప్ప వెయ్యకండి" అని హెచ్చరించి, రత్నం ఫోన్‌ని జాగ్రత్తగా తలకిందులు చేసి, హసీనక్క పేరు మీద వేలు పెట్టింది.