గుమ్మడివాగు జట్టుకి కొత్త యజమాని

గుమ్మడివాగు పక్కన, అడవి కాస్త జరిగి చోటిచ్చినట్టు, ఓ పచ్చిక మైదానం ఉంది. అక్కడ అడవిపందులు ఫుట్‌బాల్ ఆడతాయి. మిగతా జంతువులన్నీ గట్టు మీద కూర్చుని ఎలా ఆడాలో వాటికి చెబుతుంటాయి. ఆడేది పందులే అయినా జట్టు మాత్రం అందరిదీ. ఓడిపోతే ఆ పూట కుందేళ్లు మేత ముట్టవు. గెలిస్తే కౌజుపిట్టలు గొంతు పోయేదాకా కూస్తాయి.

ఆ గట్టు మీదికి అందరికంటే ముందొచ్చి, అందరికంటే ఆఖరున లేచేది నీలాలు అనే గేదె. మహా నిదానస్తురాలు. ఏ మాటైనా బాగా నెమరేసుకున్నాకే బయటపెడుతుంది, ఒక్క కోచ్ సంగతిలో తప్ప. అది వచ్చిందంటే నీలాలు నిదానమంతా వాగులో కలిసిపోతుంది.

పోయినేడు జట్టుకి కోచ్ నాగభూషణం అనే తాబేలు. ఆయన ఉన్నన్నాళ్లూ జట్టు ఓడలేదు. గెలవనూ లేదు. పందులన్నిటినీ గోల్ ముందు గోడలా నిలబెట్టి, “కదిలితే ఊరుకోను” అనేవాడు. ఈ ఏడు ఆయన్ని దింపేసి పైడిరాజు అనే కొండముచ్చుని పెట్టారు. పైడిరాజు వచ్చాక గోల్‌కీపర్‌తో సహా అందరూ ముందుకే పరుగు. గోల్స్ బాగా వేస్తున్నారు, అంతకంటే బాగా వేయించుకుంటున్నారు.

“నాగభూషణం గారుంటే మనకీ గతి పట్టేదా?” అంది ఓ రోజు నీలాలు.

“ఆయనుంటే నిద్ర పట్టేది,” అంది చంద్రి.

చంద్రి మేక. నీలాలుకి దూడప్పటి నుంచీ స్నేహితురాలు. పైడిరాజంటే ప్రాణం పెడుతుంది. ఆ రోజు మాటా మాటా పెరిగింది. “నీ తాబేలుకి తల ఉన్నట్టు ఏడాదంతా ఎవరికైనా కనిపించిందా?” అని చంద్రి అనేసింది. నీలాలు తోక విదిలించి లేచిపోయింది. అప్పట్నుంచి గట్టుకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. పక్కన చంద్రి లేకపోతే గోల్ పడినా నీలాలుకి సంబరంగా ఉండేది కాదు. అయినా ముందు తనే పలకరించాలంటే మనసొప్పలేదు.

ఇలా ఉండగా, జట్టుకీ మైదానానికీ యజమాని అయిన ముసలి ఎలుగుబంటి జంగయ్య అందర్నీ పిలిచాడు.

“నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. కొండ మీద తేనెపట్ల దగ్గర కూర్చుంటాను. జట్టుని ఎవరైనా తీసుకోవచ్చు. కానీ మీరంతా ఒక్క మాట మీద సరే అంటేనే ఇస్తాను,” అన్నాడు.

గట్టంతా గుబులు పట్టుకుంది. “ఏ తోడేలో వస్తే మన గతేం కాను?” అని ఒకరు. “అవతలి ఒడ్డు వాళ్లొచ్చి పందుల్ని తోలుకుపోతే?” అని ఇంకొకరు. ఆ బెంగ ఓ పూట ఉంది. సాయంత్రానికి మళ్లీ నాగభూషణం గొప్పా, పైడిరాజు గొప్పా అని మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే రంగబాబు అనే నక్క వచ్చాడు. ఒళ్లంతా నున్నగా దువ్వుకుని, నవ్వు మొహంతో నీలాలు పక్కన చతికిలబడ్డాడు.

“నీలాలక్కా, నాగభూషణం గారిలాంటి కోచ్ మళ్లీ పుడతాడా?”

నీలాలు కళ్లు మెరిశాయి. “పుట్టడు బాబూ.”

“జట్టు నా చేతికొచ్చిన రోజే ఆయన్ని తిరిగి తెస్తాను. ముందు మైదానానికి కంచె వేయిస్తాను. మనలాంటి అభిమానులు ఎండకీ వానకీ గట్టు మీద కూర్చోవడమేంటి? అందరికీ లోపలే చోటు. కుందేళ్లకీ కౌజుపిట్టలకీ ముందు వరుస. నువ్వు మాత్రం సరే అనాలి.”

నీలాలు నెమరేసుకోనైనా లేదు. “సరే,” అనేసింది. మర్నాటి నుంచి రంగబాబు బంధువులొచ్చి మైదానం చుట్టూ కంచె కట్టసాగారు. ఎవరూ అటు చూడలేదు. అందరూ కోచ్‌ల గొడవలోనే ఉన్నారు.

కంచె పూర్తయిన రోజు వాగులో నీళ్లు తాగుతుంటే, చంద్రి ఓ కుందేలుతో అంటున్న మాట నీలాలు చెవిన పడింది.

“పైడిరాజుని ఎవరూ కదపలేరు. రంగబాబు నాకు ఒట్టేసి చెప్పాడు.”

నీలాలు నీళ్లలోంచి మూతి ఎత్తింది. “ఒట్టేశాడా? నాగభూషణం గారిని తెస్తానని నాకు చెప్పాడే!”

“అబద్ధాలాడకు.”

“నేనెప్పుడైనా ఆడానా?”

నీలాలు ఎప్పుడూ అబద్ధం ఆడలేదని చంద్రికి తెలుసు. మెల్లగా దగ్గరకొచ్చింది.

“ఇద్దరికీ చెరో కోచ్‌ని ఇస్తానన్నాడా? ఎందుకే?”

“అందరం సరే అనాలిగా. లేకపోతే జంగయ్య తాత ఇవ్వడు.”

ఇద్దరూ కలిసి మైదానానికి వెళ్లారు. మొదటిసారి కంచెని కళ్లు పెట్టి చూశారు. కుందేలు దూకలేనంత ఎత్తు. ముందు వరుస చోటు మీద, ఎండ తగలకుండా అన్న నెపంతో, తీగల వల. అందులోంచి కౌజుపిట్ట కూడా ఎగిరిపోలేనంత బిగువుగా ఉంది. గేటుకి గడియ బయటే ఉంది. చంద్రి ముళ్లను మూతితో తాకి చూసి వెనక్కి జరిగింది.

“నీలాలూ, కంచె ముళ్లు బయటివాళ్లు రాకుండా కదా పెడతారు? ఇవన్నీ లోపలివైపు తిరిగున్నాయేంటి?”

“నేనే ముందు సరే అన్నానే,” అంది నీలాలు.

“నేనూ అన్నాన్లే,” అంది చంద్రి. “ఇప్పుడేం చేద్దామో చెప్పు. నెమరేసుకునే చెప్పు.”

ఆ సాయంత్రమే కొత్త మైదానంలో మొదటి ఆట. అందరూ సరే అనడంతో జంగయ్య జట్టుని రంగబాబుకి అప్పగించాడు. గేటు పక్కన రంగబాబు చేతులు జోడించి నిలబడ్డాడు. నాగభూషణం, పైడిరాజు ఇద్దరూ నీలాలు, చంద్రి పంపిన పిలుపందుకుని వచ్చి, లోపల పందుల మధ్య ఒకర్నొకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

“రండి, రండి! కుందేళ్లు ముందు!” అన్నాడు రంగబాబు.

నీలాలు అడ్డంగా వచ్చి నిలబడింది. “ఎంత మాట! యజమాని మొదటి బంతి తన్నకుండా మేం లోపలికొస్తే మర్యాదగా ఉంటుందా?”

“అంత ఠీవి ఉన్నవాళ్లు తన్నితే చూడాలని మాకూ ఉంటుంది కదా,” అంది చంద్రి.

రంగబాబు ఉబ్బిపోయాడు. తోక ఎత్తుకుని మైదానం మధ్యకి నడిచి బంతిని ఒక్క తన్ను తన్నాడు. చప్పట్ల కోసం వెనక్కి తిరిగేసరికి గేటు మూసుకుని ఉంది.

“గేటు మూసుకుపోయిందేంటక్కా?”

“నేనే ఆనుకున్నాన్లే బాబూ, కాళ్లు లాగుతున్నాయి,” అంది నీలాలు. చంద్రి గడియ పెట్టేసింది. “మీ జట్టుకి కోచ్ ఎవరో అందరి ముందూ చెప్పండి. తీస్తాం,” అంది.

రంగబాబు అటు తాబేలునీ ఇటు కొండముచ్చునీ చూశాడు. ఎవరి పేరు చెప్పినా గట్టులో సగం కాదంటుంది.

“ఇద్దరూ!” అన్నాడు.

“అయితే ముందు నా వంతు. నువ్వూ ఆడు,” అని నాగభూషణం వాణ్ని గోల్ ముందు నిలబెట్టాడు. “కదిలితే ఊరుకోను!”

“అక్కడేం పని? ముందుకి పరిగెత్తు!” అని పైడిరాజు వాడి తోక పట్టి లాగాడు.

పరిగెత్తితే తాబేలు కేక, నిలబడితే కొండముచ్చు మొట్టికాయ. పందులు బంతి కోసం మీద పడుతున్నాయి. కంచె ఎక్కబోతే తను పెట్టించిన ముళ్లే దిగాయి. బయట గట్టు మీద అంత సందడి ఆ ఏడంతా లేదు.

“వద్దు! నాకీ జట్టొద్దు!” అని రంగబాబు అరిచాడు.

జంగయ్య కంచె దగ్గరకొచ్చాడు. “మరి ఇంత కంచె ఎందుకు వేశావురా?”

“ఆకలి తాతా! ముందు వరుస చూసి ఆశపడ్డాను!”

కుందేళ్లు ఒక్కసారిగా నీలాలు వెనక్కి దూరాయి. జంగయ్య వాటిని చూసి తలూపాడు. “జట్టు ఇంకెవరి చేతిలోనూ పెట్టను. గట్టు మీద కూర్చునే వాళ్లంతా కలిసి చూసుకోండి,” అన్నాడు. పందులు అప్పటికప్పుడు కంచెని పెకలించేశాయి.

రంగబాబు కుంటుకుంటూ అడవిదారి పట్టాడు. దూరం నుంచి ఓ కుందేలు ఆగలేక అడిగేసింది: “రంగబాబు గారూ, ఇద్దరి కిందా ఆడారుగా. ఎవరు మంచి కోచ్?”

“ఒకడు నిలబెట్టి చంపుతాడు, ఇంకొకడు పరిగెత్తించి చంపుతాడు. మీ జట్టుకో దణ్ణం!” అని నక్క వెనక్కి చూడకుండా పోయాడు.

నీతి: కోచ్ ఎవరని కీచులాడుకునే ముందు, గేటు గడియ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.