దాలమ్మ ఈక

కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఆ కాలంలో ఒక కొండవాగు, వాగు ఒడ్డున ఒక ఊరు, ఊరి చివర ఒక దాలమ్మ.

చలికాలం వస్తే వాగు తేటపడేది. అడుగున గులకరాయి మీద గీత కూడా కనబడేది. చేప మనకి కనబడితే మనమూ చేపకి కనబడతాం. అందుకే చలికాలం చేప ఎర ముట్టదు. వానపాము వేసినా ముట్టదు, పిండిముద్ద వేసినా ముట్టదు. మధ్యాహ్నం ఎండ పడ్డాక నీళ్ళలోంచి సన్నటి రెక్కల పురుగులు లేస్తాయి. వాటికోసం మాత్రం పైకి వస్తుంది.

దాలమ్మ ఆ పురుగుని చేసేది. అడవికోడి మెడ ఈకని గాలానికి చుట్టి, పట్టుదారంతో కట్టి, తేనెమైనం రాసేది. గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుందేమో అన్నట్టుండేది. ఆమె మొగుడు గురువులు దాన్ని వెదురుగడకి కట్టి నీళ్ళ మీదకి విసిరేవాడు. చేప ఎగిరి పట్టుకునేది. ఊరంతా "గురువులు చెయ్యి మంచిది" అనేది.

ఈక కట్టేది ఆడది. విసిరేది మగవాడు. ఆడదాని నీడ పడితే చేపలు అడుక్కి పోతాయని ఆ ఊరి ఆచారం. ఆ వాగు నీళ్ళే ఆడవాళ్ళు రోజూ కుండలతో మోసేవాళ్ళు. అప్పుడా నీడ ఎక్కడికి పోయేదో ఎవరూ అడగలేదు.

"ఒక్కసారి నేను వేస్తానయ్యా," అనేది దాలమ్మ. "నా ఈకని చేప ఎలా పట్టుకుంటుందో చూడాలనుంది."

"వచ్చే చలికాలం చూద్దాంలే," అనేవాడు గురువులు. చెడ్డవాడు కాదు. ప్రతి చలికాలం అలాగే అనేవాడు. అంటూ అంటూనే ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు.

మొగుడు పోయినదాని చెయ్యి తగిలిన గాలం పనికిరాదంది ఊరు. దాలమ్మ తోడికోడలు సూరీడమ్మకి అది నచ్చలేదు.

"నువ్వు కట్టక్కా, నేను కట్టానని చెప్తాను."

"చెప్పు. చేప నిన్నేమీ అడగదు."

ఆ చలికాలమంతా చేపలే చేపలు. ఊరంతా "సూరీడమ్మ చెయ్యి మంచిది" అంది. పొగిడి పొగిడి చివరికి ఊరిపెద్ద జన్నయ్య ఆమెకి కొత్తచీర పెట్టబోయాడు. సూరీడమ్మ చీర తీసుకోలేకపోయింది.

"ఆ చెయ్యి నాది కాదు బాబూ. మా అక్కది."

అది విని ఊరివాళ్ళు ఆ ఈకలన్నీ పోగుచేసి పొయ్యిలో వేశారు. తిన్న చేపల్ని మాత్రం ఎవరూ కక్కలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. జన్నయ్య కూతురు పురిటికి పుట్టింటికొచ్చి బిడ్డని కంది. పాలు పడలేదు. చేపపులుసు తాగితే పడతాయని ఆ ఊరి నమ్మకం. మగవాళ్ళు వానపాము వేశారు. చేప రాలేదు. పిండిముద్ద వేశారు. చేప రాలేదు. వాళ్ళే ఈకలు కట్టారు. పోట్లాడిన కోడిలా ఉన్న ఆ ఈకల్ని చూసి, ఉన్న చేపలూ పారిపోయాయి.

మొదట జన్నయ్య పెళ్ళాం దొడ్డిదారిన వచ్చింది.

"దాలమ్మా, ఒక్క ఈక ఇయ్యవే. మా ఆయనకి తెలీకూడదు."

"తీసుకెళ్ళమ్మా. బాలింత ఏం చేసింది పాపం."

జన్నయ్య చూశాడు. ఆ ఈకనీ పొయ్యిలో వేశాడు.

రెండోసారి జన్నయ్యే వచ్చాడు. కంచె అవతలే నిలబడ్డాడు.

"సూరీడమ్మ కట్టిందని నలుగురిలో చెప్పు. వేస్తాం."

దాలమ్మ అప్పటికే దగ్గుతోంది. ఛాతీ నిండా చలి పట్టేసింది.

"పోయినేడు ఆ మాటే చెప్పాం కదు బాబూ, కాల్చేశారు. ఈసారి గడ నాకియ్యి. నేనే వేస్తాను, చేప నీ కూతురికే."

"నీ నీడ పడితే ఉన్నవీ పోతాయి."

"నీడ నీది పడినా పోతాయి. చేపకి ఆడా మగా ఏటి తెలుసు? ఎండకి ఎదురుగా నిలబడితే ఎవరి నీడైనా వెనక్కే పడుతుంది."

జన్నయ్య నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాట సూరీడమ్మ విని దాచుకుంది.

మూడోసారి ఊరంతా వచ్చింది. బిడ్డ ఏడుపు సన్నగిల్లిపోయింది. జన్నయ్య వెదురుగడ భుజాన మోసుకొచ్చి, కంచె దాటి, గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వే వెయ్యి."

సూరీడమ్మ బయటికొచ్చింది. "తెల్లారేసరికే పోయింది బాబూ," అంది. "నిన్నొచ్చుంటే వాగుదాకా నడిచేది."

దాలమ్మ ఒళ్ళో ఒక ఈక ఉంది. కట్టడం పూర్తయింది. మైనం కూడా రాసింది.

సూరీడమ్మ జన్నయ్య భుజం మీంచి గడ తీసుకుని, దానికి ఆ ఈక కట్టింది. ఎవరూ వద్దనలేదు. వాగు దగ్గర ఎండకి ఎదురుగా నిలబడింది. నీడ వెనక్కి పడి, ఊరి మగవాళ్ళ కాళ్ళ మీద పరుచుకుంది. ఈక నీళ్ళ మీద వాలింది. చేప లేచింది.

బిడ్డ బతికింది. కానీ దాలమ్మ చూడాలనుకున్నది దాలమ్మ చూడలేదు. ఆ రోజు పులుసు తాగుతూ బాలింత ఒక్కర్తే ఏడ్చిందట. జన్నయ్య మళ్ళీ గాలం పట్టలేదట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో బాలింతకి పులుసు పోసేముందు ఒక గరిటె వాగులో పోస్తారు. చలికాలం మొదటి ఈకని మొగుడు పోయిన ఆడదే వేస్తుంది. "దాలమ్మా, చూడు," అని వేస్తుంది. చేప లేచేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. బతికుండగా ఒక్కసారి వేస్తానంటే ఇవ్వనివాళ్ళు, చనిపోయాక ఏటా మొదటిది ఇస్తున్నారు.

ఆ ఒక్కటీ అయ్యాక గడ మగవాళ్ళ చేతికి పోతుంది. ఏటా ఎవరో ఒక పిల్ల, "రెండోది నేను వేస్తా," అంటుంది.

"అది మన ఆచారం కాదు," అంటారు మగవాళ్ళు.

"మొదటిదీ కాదు," అంటారు ఒడ్డున కూచున్న ముసలమ్మలు. అని, ఆ పిల్లని ఎండకి ఎదురుగా తిప్పి నిలబెడతారు.