కల్లుబండి హారన్

"కల్లు సల్లగుండ బర్ఫు డబ్బాలు పెట్టిన. కొత్త బండి తెచ్చిన. ఇంకేం చెయ్యాలె తాతా? తెల్లారేసరికి బండి కదలకుంటే పట్నం చేరేలోపు ఎండెక్కుతది, కల్లు పులుస్తది. అది నా తప్పా, చెప్పు."

మల్కయ్య తాత అరుగు మీద కూసొని గీత కత్తి నూరుకుంట ఉన్నడు.

"నీ మాటంటే అందరికీ గురి. చీకటుండంగనే చెట్లెక్కమని ఒక్కసారి చెప్పు. చాలు," అన్నడు నరహరి.

నరహరికి చెట్టెక్కుడు నేర్పింది ఈ తాతనే. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే మోకు మొదటిసారి ఆయన చేతులతోనే కట్టిండు. ఇప్పుడు నరహరి చెట్లు ఎక్కుతలేడు. ఊర్లోళ్లు గీసిన కల్లంత ఒక్కతాన జమ చేసి పట్నం దుకాణాలకు తోల్తున్నడు. వెనుకట తాగెటోళ్లే తాటివనానికి వచ్చి, చెట్టుకింద కూసొని, పైకెక్కిన మనిషి దిగిందాక ముచ్చట్లు పెట్టుకునెటోళ్లు. ఇప్పుడు వనం పక్క తొవ్వ మీద బండి నిలబడి హారన్ కొడ్తది. చెట్టు దిగిన మనిషి కల్లు నిండిన లొట్టి పట్టుకొని ఉరికొస్తడు.

అంత మంచిగనే నడిచింది. తన బండి వచ్చినంక ఒక్క లొట్టి పులువలేదని నరహరి నలుగుర్ల చెప్పుకునెటోడు. మొన్న వానల ఉప్పలయ్య చెట్టు మీదికెళ్లి పడి పానం పోయినంకనే చిక్కొచ్చింది. మిగిలినోళ్లంత తెల్లగ తెల్లారితే తప్ప మోకు ముట్టం అంటున్నరు. పట్నం దుకాణపాయన ఇంకొక్క రోజు ఆలస్యమైతే వేరే ఊరి కల్లు తెచ్చుకుంటనన్నడు. అదీ నరహరి గోస.

"ఆ పొద్దు అందరూ వచ్చిండ్రు. ఉప్పలన్న ఒక్కడే రాలే," అన్నడు మెల్లగ. "ఎంతసేపు హారన్ కొట్టిన్నో తొవ్వల పోయెటోళ్లను అడుగు. ఒక్కని కోసం అందరి కల్లు పాడు చేస్తనా? పోయిన. పడ్డడని పట్నంల ఉన్నప్పుడు ఫోనొచ్చింది."

తాత కత్తి పక్కన పెట్టిండు. "సరే, చెప్తా వాళ్లకు. ముందుగాల నువ్వొక పని చెయ్యి. ఉప్పలయ్య చెట్టు మీద లొట్టి అట్లనే ఉన్నది. దించుకరా."

"ఇప్పుడా? తుంపర పడుతున్నది గద."

"ఆ పొద్దు గూడ పడ్డది."

ఇద్దరు బండ్లనే వనం దాక పోయిండ్రు. తాత తన మోకు నరహరి నడుముకు చుట్టి ముడేసిండు. తాడు సాలక గట్టిగ గుంజవలసొచ్చింది.

"మంచిగనే పెరిగినవు బిడ్డా. బండి సీటు మెత్తగున్నట్టుంది."

నరహరి సిగ్గుపడి నవ్విండు. చెట్టుకు మొక్కి ఎక్కుడు షురూ చేసిండు. మొద్దు తడిసి నల్లగ ఉన్నది. మోకు పైకి జరిపినంక ఒక్క ఊపిరి ఆగాలె, తాడు పట్టిందా లేదా చూసుకోవాలె, అప్పుడే కాలు ఎత్తాలె. తాత నేర్పిందే. కాళ్లు మరువలేదు.

సగం చెట్టెక్కేసరికి కింద హారన్ మోగింది.

తల తిప్పి చూసిండు. తాత బండిల డ్రైవర్ సీట్ల కూసొని, చెయ్యి హారన్ మీద పెట్టి, తొవ్వ దిక్కు చూస్తున్నడు.

"తాతా, ఏం చేస్తున్నవే?"

"కల్లు పులుస్తది బిడ్డా."

మళ్లీ మోగింది. ఆగలేదు.

బండి తనదే. తాళంచెవి తన జేబులనే ఉన్నది. తాత తోలలేడు గూడ. బండి యాడికీ పోదని నరహరికి తెలుసు. అయినా హారన్ మోగిన కొద్దీ చేతులు తొందరపడ్డయి. మోకు జరిపిండు, ఆగలేదు. మళ్ల జరిపిండు, ఆగలేదు. మూడోపారి తాడు పట్టకముందే కాలు లేచింది.

జారిండు. పొట్ట, రొమ్ము మొద్దుకు గీరుకుపోయినయి. మోకు యాడనో పట్టుకొని ఆగింది. చెట్టును కావలించుకొని కండ్లు మూసుకున్నడు. వాన చుక్కలు మెడ మీద పడుతున్నయి. కింద హారన్ మోగుతనే ఉన్నది.

లొట్టి దాక పోలేదు. ఎట్లెక్కిండో అట్లనే, ఒక్కొక్క జానెడు, దిగిండు. కాలు మన్నుకు తాకినంక గని తాత చెయ్యి తియ్యలేదు.

వనం నిశ్శబ్దమైంది. నరహరి చెట్టు మొదట్ల కూలవడ్డడు. రొమ్ము మీద నెత్తురు చూసుకోలేదు. మోకు ముడి విప్పబోతే రాలేదు. తాతే బండి దిగొచ్చి విప్పిండు.

"లొట్టి తేలేదేమిరా," అని అడగలేదు. చెట్లెక్కెటోళ్లకు ఏం చెప్తడో గూడ అనలేదు. మోకు తడి దులిపి, చుట్ట చుట్టి, భుజానికేసుకున్నడు.

నరహరి చెట్టు మొదట్ల మన్ను మీద చెయ్యి పెట్టిండు.

"ఆ పొద్దు ఉప్పలన్న కాడికి నువ్వే గద తాతా ముందుగాల ఉరికొచ్చింది," అన్నడు.

"నేనే. తల నా ఒళ్లె పెట్టుకున్న. ఇగో, ఈడనే."

"నా మీద కోపం చేసిండా, పోయేటప్పుడు?"

తాత కూసున్నడు. చెప్పాల్నా వద్దా అన్నట్టు తొవ్వ దిక్కు చూసిండు.

"లేదు బిడ్డా. నిన్నొక్క మాటనలేదు. కండ్లు తెరిచి ఒక్కటే అడిగిండు."

"ఏమని?"

"'బండి పోయిందా?'"