మారువేషంలో వచ్చిన తీపి

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చింతలగిరి, రాజుగారి మీసం కోటగుమ్మం దాటిన అరగడియకు గానీ రాజుగారు దాటేవారు కాదు. అంత మీసం. దానికి తగ్గ పేరు కూడా పెట్టుకున్నారు, ప్రతాపకేతు మహారాజు అని.

ఆయనకో ముచ్చట ఉండేది. నెలకోసారి మారువేషం వేసి ప్రజల కష్టసుఖాలు చూసి రావడం. పాత పంచె కట్టి, భుజాన మూట తగిలించి, అచ్చం గాజులమ్ముకునేవాడిలా బయలుదేరేవారు. ఎండ తగలకుండా వెనక ఒకడు వెల్లగొడుగు పట్టేవాడు. జనం దారివ్వాలి కదా అని ముందు ఒకడు బాకా ఊదేవాడు. ఊళ్లోవాళ్లు అరుగుల మీద నిలబడి, "ఎవరో పాపం, కొత్త గాజులవాడు" అని పైకి వినిపించేట్టు అనుకునేవారు. అనకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. రాజుగారు తిరిగొచ్చి, "నన్ను ఒక్కడంటే ఒక్కడు పోల్చలేదు" అని కొలువంతా వినేట్టు మురిసిపోయేవారు.

ఆ కొలువులో కొండుభట్లు అని ఒక హాస్యగాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం, తినడం అతని వ్యసనం. అతను భోజనానికి కూర్చుంటే అరటితోటలో చెట్లు ముందే ఆకులు దాచుకునేవి. వాళ్లక్క పేరిందమ్మ రాజుగారి వంటశాలకు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆవిడ పోపు వేస్తే పొరుగు రాజ్యంలో తుమ్మేవారు. తుమ్మి, ఆకలేస్తోందంటూ యుద్ధాలు ఆపేసి ఇళ్లకు పోయేవారు.

అంతా బాగున్న రోజుల్లో వాగీశ్వర సోమయాజి అనే పండితుడు ఊళ్లోకి దిగాడు. ఒంటి మీద ఎన్ని శాలువలంటే, చాకలి మూటకు కాళ్లొచ్చి నడుస్తోందనుకున్నారు. ఆయన కొలువులో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, రసాల్లోకెల్లా తీపి రాజు. పులుపు, కారం, ఉప్పు, చేదు, వగరు దాని బంట్లు. రాజనేవాడు సింహాసనం మీద ఉండాలి. అంటే తీపి పాయసంలో, లడ్డూలో ఉండాలి. తమ రాజ్యంలో ఆడవాళ్లు పులుసులో బెల్లం ముక్క పడేస్తున్నారు. అల్లం పచ్చడిలో రుబ్బేస్తున్నారు. రాజును తీసుకెళ్లి సంతలో బంట్ల మధ్య నిలబెట్టడం కాదూ అది?"

రాజుగారికి ఆ మాట గుండెకు తగిలింది. తనను ఎవరో సంతలో నిలబెట్టినంత పనైంది. ఆ పూటే దండోరా వేయించారు. కూరలో, పచ్చడిలో, పులుసులో తీపి తగిలితే వండిన చెయ్యి రాజ్యం దాటిపోవాలి.

ఇహ చూడాలి చింతలగిరి వైభోగం. బెల్లం పడని పులుసు తిని జనం మొహాలు ముడుచుకుపోయాయి. కాకరకాయ తిన్న మగవాళ్లు అత్తగారింటికి వెళ్లడం మానేశారు. ఎప్పుడూ ఒకరి మాటకొకరు అడ్డురాని మొగుడూ పెళ్లాలు చట్టి పక్కనే కొట్లాడుకున్నారు. గుళ్లో చిలక రాముడి పేరు మాని పళ్లు నూరడం మొదలెట్టింది. రాజుగారు కూడా అన్నం ముందు కూర్చుని మీసం నములుతూ, "ఆహా, ఎంత మర్యాదగా ఉంది భోజనం" అనేవారు. అని, సగంలో లేచిపోయేవారు.

ఒకనాడు బెండకాయ పులుసు కలుపుకుంటూ రాజుగారు ఆగారు. పక్క విస్తట్లో సోమయాజి కూడా ఆగాడు.

"తీపి" అన్నాడు సోమయాజి.

పేరిందమ్మను పిలిపించారు. ఆవిడ దాచలేదు. "వేశాను బాబూ. చిన్న ముక్కే. చెయ్యి ఊరుకోలేదు."

రాజుగారు కుడి మీసం మెలేశారు. కుడి మీసం మెలేస్తే ఎవరో ఒకరు ఊరు దాటవలసిందే. కొండుభట్లు గుండె జారి బొజ్జలో పడింది, అక్కడ చోటు చాలా ఉంది కాబట్టి దొర్లింది కూడా. అక్క వెళ్లిపోతే తనకు ఇల్లన్నది లేదు. అన్నం అసలే లేదు.

"ప్రభూ, ఒక్క మనవి" అన్నాడు. "ఇన్నేళ్లు తమ విస్తరి పెట్టిన చెయ్యి. ఇంకొక్క పూట వండనివ్వండి. బెల్లం కుండకు తమ ముద్ర వేయించండి. సోమయాజులుగారిని వంటశాల గుమ్మంలో కాపలా కూర్చోబెట్టండి. తిన్నాక తమరు విస్తరి ఎటు మడిస్తే అదే తీర్పు."

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజు తిన్న విస్తరిని తన వైపుకు మడిస్తే వండిన చెయ్యి మెచ్చినట్టు. ఆ పూట వంటకు ఇహ ఎవరూ వంక పెట్టకూడదు. అవతలికి మడిస్తే గరిటె కింద పెట్టి వెళ్లిపోవాలి. రాజుగారి తాతగారి తాతగారు కూడా దాన్ని తప్పలేదు.

"సరే, రేపు మధ్యాహ్నం" అన్నారు రాజుగారు. ఆకలి మీద ఉన్నారు మరి.

కొండుభట్లు వంటశాలకు పోయేసరికి అక్క మూట కట్టుకుంటోంది.

"ఎందుకురా నాకోసం ఆ తగువు? బెల్లం లేకుండా అల్లం పచ్చడి ఏం చేస్తాను, నా తల చేస్తాను" అంది. "ఇదిగో, పొద్దుటిది ఉంది, తిను. ఏడుపు మొహం పెట్టకు."

అతను వేలితో అల్లం పచ్చడి నాకాడు. నోరు భగ్గుమంది. మంటకు తాళలేక, దేవుడి గూటిలో నైవేద్యం పళ్లెం కనిపిస్తే గుప్పెడు ఎండుద్రాక్ష తీసి నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు. మళ్లీ వేలు పచ్చడిలో పెట్టి, మళ్లీ ద్రాక్ష వేసుకున్నాడు.

"అక్కా, దీన్ని కలిపి నూరితే?"

"పండునా? కూరల్లోనా?" పేరిందమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఆ దేశంలో పండు దేవుడికి, రోగికి, చుట్టానికి. అది పొయ్యి ఎక్కగా ఎవరూ చూడలేదు, వినలేదు. "నలుగురూ నవ్వుతార్రా."

"నవ్వించడం నా ఉద్యోగమేగా."

ఆవిడ మూట విప్పింది.

మర్నాడు సోమయాజి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. బెల్లం కుండకు ముద్ర, తేనె జాడీకి ముద్ర. పేరిందమ్మ గాజులు కూడా వాసన చూశాడు. పసుపు డబ్బాలో వేలు పెట్టి నాకి, సాయంత్రం దాకా పచ్చటి నోటితో ఉన్నాడు. అంతలో పళ్ల బుట్ట వచ్చింది.

"ఇవేమిటమ్మా?"

"నైవేద్యానికండి. మామిడిపళ్లు, అరటిపళ్లు, ఖర్జూరాలు, ఎండుద్రాక్ష."

"మంచిది, మంచిది. నైవేద్యం అయ్యాక ఆ మామిడిపళ్లు నాకో రెండు అట్టేపెట్టు."

"అయ్యో, తమకు పెట్టకుండానా" అంది పేరిందమ్మ.

అన్న మాట తప్పలేదు. దేవుడికి చూపించి దణ్ణం పెట్టి, గుమ్మానికి కనపడకుండా పొయ్యి చాటున మామిడిపళ్లు పిసికి మజ్జిగ పులుసులో వేసింది. ఎండుద్రాక్ష నానబెట్టి అల్లం పచ్చడిలో నూరింది. అరటిపండు చక్రాలు తరిగి, ఆవపెట్టిన పెరుగుపచ్చడిలో కలిపింది. ఖర్జూరాల గింజలు తీసే పని తమ్ముడికి అప్పగించింది. అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు. కొండుభట్లు ఒకటి తీస్తే ఒకటి తిన్నాడు, తినే ఒకదాని గింజ తీశాడో, ముద్దలోకి పోయేదాని గింజ తీశాడో అతనికే తెలియదు. మిగిలినవాటిని ఆవిడ ముద్ద చేసి, చింతపండు రసంతో కలిపి కాకరకాయ కూరకు పట్టించింది.

కొలువంతా చూస్తుండగా విస్తళ్లు వేశారు. రాజుగారు అల్లం పచ్చడి ముట్టుకున్నారు. మీసం కొసలు సన్నగా అదిరాయి. మళ్లీ ముట్టుకున్నారు. మజ్జిగ పులుసు పోయించుకున్నారు, ఆనకట్ట కట్టాల్సినంత పోయించుకున్నారు. కాకరకాయ కూర వడ్డించిన మనిషి వెనక్కి తిరగకముందే మళ్లీ రమ్మన్నారు. కొండుభట్లు స్తంభం చాటు నుంచి చూస్తున్నాడు. రాజుగారి దవడ ఆగినప్పుడల్లా అతని ఊపిరి ఆగుతోంది.

"చూశావా సోమయాజీ" అన్నారు రాజుగారు వేళ్లు నాకుతూ. "తీపి లేకపోతే రుచి ఇలా నిటారుగా నిలబడుతుంది."

"రాజు సింహాసనం మీద, బంట్లు వాళ్ల చోట" అన్నాడు సోమయాజి, నోరు నిండా కాకరకాయతో. "ఇంకాస్త వెయ్యవయ్యా."

రాజుగారు తృప్తిగా త్రేన్చి, విస్తరిని తన వైపుకు మడిచారు.

స్తంభం చాటున కొండుభట్లు కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే సోమయాజి నోట్లో కటుక్కుమంది. కోట మీద పావురాలు లేచి ఎగిరిపోయాయి. పండితుడు దవడ పట్టుకుని, నోట్లోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఖర్జూరం గింజ" అన్నారు రాజుగారు. "కాకరపాదుకు ఖర్జూరాలు కాశాయా?"

"తీపి కలిపారు మహారాజా" సోమయాజి పీట మీంచి లేచాడు. "మోసం. తీపి."

రాజుగారి చెయ్యి కుడి మీసం మీదికి పోయింది. కొండుభట్లు స్తంభం చాటు వదిలి ముందుకు వచ్చాడు. ముందు బొజ్జ వచ్చింది, తర్వాత అతను వచ్చాడు.

"సోమయాజులుగారూ, కాకరకాయ ఎన్నిసార్లు వేయించుకున్నారు?"

"అది అప్రస్తుతం."

"వడ్డించినవాడికి చెయ్యి పడిపోయింది, అందుకని అడిగాను. అన్నిసార్లూ తమ నాలుకకు తెలియని తీపి పన్నుకు తెలిసిందా? శాస్త్రం చదివింది నాలుకా, పన్నా?"

సోమయాజి మింగాడు. నోట్లో ఇంకా కూర ఉంది.

"కొండుభట్లూ" అన్నారు రాజుగారు మెల్లగా. మెల్లగా అన్నారంటే ప్రమాదం. "ఏమేమి వేశారు?"

"అల్లంలో ద్రాక్ష ప్రభూ. పులుసులో మామిడి. పెరుగులో అరటి. కాకరలో ఆ గింజ తాలూకు బంధువులు. బెల్లం ముద్ర అలాగే ఉంది."

"తీపిని బంట్ల మధ్య నిలబెట్టావన్నమాట. రాజు మర్యాద ఏమైనట్టు?"

"తప్పయితే ఆ విస్తరి మళ్లీ విప్పండి ప్రభూ. అవతలికి మడవండి."

రాజుగారు విస్తరి వైపు చూశారు. మడిచిన విస్తరి విప్పిన రాజు ఆ వంశంలో లేడు. చెయ్యి అక్కడి దాకా పోయి ఆగింది. సభంతా ఆ చెయ్యి వైపే చూస్తోంది. వంటశాల గుమ్మంలో పేరిందమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది, కింద పెట్టాలో వద్దో తెలియక.

కొండుభట్లు గొంతు తగ్గించాడు. "నెలనెలా తమరు మారువేషం వేసి బంట్ల మధ్యకు, సంతలోకి వెళ్తారు. తమ మర్యాద తగ్గిందా?"

"తగ్గడమేమిటి, పెరిగింది. ప్రజల మనసు తెలిసింది."

"తీపి కూడా అంతే చేసింది ప్రభూ. దానికీ రాజులకుండే సరదా ఉండదా? ఎంతసేపని పాయసంలో కిరీటం పెట్టుకుని కూర్చుంటుంది? పండు తొక్క కప్పుకుని, పులుపు ఎలా ఉందో, కారం ఏమంటోందో చూసి పోదామని వచ్చింది."

రాజుగారి మీసం కొసలు పైకి లేవబోయి ఆగాయి. "నన్నెవరూ పోల్చలేనట్టే, దాన్ని నేనూ పోల్చలేకపోయానంటావు."

"అవును ప్రభూ." కొండుభట్లు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత అక్క చేతిలో గరిటె చూశాడు. "కాకపోతే, తీపి గొడుగూ బాకా ఇంటి దగ్గర పెట్టి వచ్చింది."

రాజుగారు మంత్రి వైపు చూశారు, మంత్రి దూలాలు లెక్కపెడుతున్నాడు. సేనాపతి వైపు చూశారు, అతనికి అప్పుడే కంట్లో నలుసు పడింది. గాజులవాడి వెనక వెల్లగొడుగు. ముందు బాకా. ఇన్నేళ్లూ.

ముందు మీసం ఊగింది. తర్వాత భుజాలు ఊగాయి. తర్వాత ఎంత నవ్వు వచ్చిందంటే, కోట బురుజు మీద ఫిరంగి తనంతట తానే పేలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఒక్కడూ పోల్చలేదా" అంటూ నవ్వారు. "కొత్త గాజులవాడా" అంటూ నవ్వారు. మెడలో ముత్యాల హారం తీసి కొండుభట్లుకు విసిరితే, అది ఆ మెడకు పట్టక చెవికి తగిలింది. పేరిందమ్మకు రెండు చేతులకూ బంగారు కంకణాలు పెట్టించారు. దండోరా రద్దు చేసి బెల్లం కుండ ముద్ర తీయించారు. సోమయాజికి మాత్రం తియ్యటి శిక్ష వేశారు. ఇక మీదట వంటశాలలో ఖర్జూరం గింజలు తీసే పని ఆయనది.

పై నెలలో ఒక మధ్యాహ్నం వంటశాల పెరటి గుమ్మంలో ఒక గాజులవాడు వచ్చి నిలబడ్డాడు. వెనక గొడుగు లేదు, ముందు బాకా లేదు. మీసం మాత్రం తలపాగాలో దోపుకున్నాడు.

పేరిందమ్మ తల ఎత్తి చూసింది. "ఇక్కడ గాజులు ఎవరూ కొనరు గానీ, ఎండన పడి వచ్చావు, కూర్చో. బెండకాయ పులుసుంది. ముందు ఆ చేతులు కడుక్కుని రా."

చింతలగిరి మహారాజు నూతి దగ్గరికి వెళ్లి, బుద్ధిగా చేతులు కడుక్కుని వచ్చాడు. పీట మీద కొండుభట్లు కొంచెం జరిగి చోటిచ్చాడు. కొంచెమే.

ఆవిడ పోల్చిందా లేదా అని అడగకండి. విస్తట్లో బెల్లం ముక్క కాస్త పెద్దదే పడింది.