పైపు ముందు కుర్చీ

సముద్రం అడుగున గ్యాసు పైపు పూడుకుపోయింది. పూడ్చింది ప్రత్యూష.

పార పట్టుకుని పూడ్చిందని కాదు లెండి. గోదావరి తీరాన ఒక గ్యాసు టెర్మినలు. సముద్రంలో బావుల దగ్గర్నుంచి అక్కడికి యాభై కిలోమీటర్ల పైపు. గ్యాసుతో పాటు కాస్త నీళ్ళ తడి కూడా వస్తుంది. సముద్రం అడుగున చలి, పైపు లోపల ఒత్తిడి. ఈ రెండూ తోడైతే ఆ తడీ గ్యాసూ కలిసి మంచుగడ్డలా బిగుసుకుంటాయి. అలా కాకుండా బావి దగ్గరే పైపులోకి గ్లైకాల్ అని ఒక మందు ఎక్కిస్తూ ఉంటారు. ఆ మందు దండగ పోస్తున్నామని అక్కడి కుర్ర ఇంజనీరు మన ప్రత్యూష లెక్క కట్టి మూడో వంతు కోసేసింది. హెడ్డాఫీసు వాళ్ళు శభాష్ అన్నారు.

తాతబ్బాయి మాస్టారు మాత్రం ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. ఫిట్టరుగా చేరి షిఫ్టు ఇన్‌చార్జి దాకా వచ్చిన మనిషి. అక్కడి ఇంజనీర్లంతా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే కాబట్టి అందరికీ మాస్టారు.

"పారే గ్యాసు వెచ్చగా ఉంటుందండీ. ఇంత మందు అక్కర్లేదు," అంది ప్రత్యూష.

"ఆగితేనో?"

"ఎందుకాగుతుందండీ?"

తుఫాను పట్టింది. మూడు రోజులు బావులు మూసేశారు. పైపులో గ్యాసు ఆగింది, చల్లబడింది, గడ్డ కట్టి కూర్చుంది. పారే గ్యాసుకి కట్టిన లెక్క ఆగిన గ్యాసుకి పనికిరాదని అప్పుడు గుర్తొచ్చింది పిల్లకి. ఏం లాభం?

హెడ్డాఫీసు వాళ్ళు ఎల్లుండి పొద్దున దిగుతున్నారని కబురు. ఈలోగా గడ్డ కరిగితే తన తప్పు ఎవరి కంటా పడదు. కరగకపోతే మూడేళ్ళ మంచి పేరు, రాబోయే ప్రమోషను, అన్నీ గంగలో కలిసినట్టే. ఆ రాత్రంతా కూర్చుని ప్రత్యూష ఇంకో లెక్క కట్టింది. తెల్లారగానే మాస్టారి ముందు పెట్టింది.

"గడ్డకి రెండు వైపులా ఒత్తిడి సమంగా, కొద్దికొద్దిగా దింపాలి. అప్పుడు దానంతటదే కరుగుతుంది. వారం పడుతుంది," అన్నారు మాస్టారు కాగితం చూడకుండానే.

"ఒడ్డు వైపు ఒక్కటే గబగబా దింపేస్తే మూడు గంటల్లో వదులైపోతుందండీ."

"వదులైన గడ్డకి వెనకాల ఒత్తిడి ఉంటే?"

"తెలుసండీ, తుపాకీ గుండులా వస్తుంది. కానీ నా లెక్క ప్రకారం అంత వేగం రాదు. ఇక్కడ నేను వాల్వు తిప్పుతాను. పైపు చివర ఒక మనిషి మీటరు చూసి అరిస్తే చాలు."

"ఎవరా మనిషి?"

"ఎవరో ఒకరు. కాంట్రాక్టు వాళ్ళల్లో ఉంటారు కదండీ."

"ఎవరో ఒకరంటే నేనూ ఒకణ్ణేగా," అన్నారు మాస్టారు.

లేచారు. సెక్యూరిటీ గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకెళ్ళారు. ఒడ్డున పైపు చివర గుండ్రటి ఇనప తలుపు ఉంటుంది. గడ్డ దూసుకొస్తే ముందు ఎగిరేది అదే. సరిగ్గా దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, హెల్మెట్ సర్దుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"ఊఁ, కానియ్ తల్లీ!"

ప్రత్యూష వాల్వు చక్రం మీద చెయ్యి వేసింది. మాస్టారు మీటరు వైపే చూస్తున్నారు. వెనక్కి తిరగలేదు. హెల్మెట్ కింద నెరిసిన జుట్టు, చెమటకి అంటుకుపోయిన చొక్కా కాలరు కనబడుతున్నాయి.

తన లెక్క ఒకసారి మనసులో చదువుకుంది. గడ్డ ఒక్కటే అనుకుంటే. దాని పొడవు ముప్పై అడుగులు అనుకుంటే. అడుగున చలి పోయినేడాది లాగే ఉందనుకుంటే. రాత్రి కాగితం మీద ఎంత బుద్ధిగా కూర్చున్నాయో ఈ 'అనుకుంటే'లన్నీ! ఇప్పుడు ఒక్కొక్కటీ లేచి ఆ కుర్చీ చుట్టూ నిలబడ్డాయి. చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఏమ్మా, ఎండెక్కుతోంది," అన్నారు మాస్టారు.

ప్రత్యూష చక్రం వదిలేసి పరిగెత్తింది. "లేవండి మాస్టారూ."

"ఏం, లెక్క తప్పిందా?"

"మీకు దణ్ణం పెడతాను, ముందు అక్కణ్ణించి లేవండి!" ఏడుపొచ్చేసింది పిల్లకి.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచారు.

లోపలికెళ్ళి ప్రత్యూష హెడ్డాఫీసుకి ఉత్తరం రాసింది. మందు తగ్గించింది నేను, గడ్డ కట్టింది అందువల్ల, కరగడానికి వారం పడుతుంది అని మూడే ముక్కలు. పంపించాక ఆకలి వేస్తోందని తెలిసింది. రెండు రోజుల తర్వాత అప్పుడే అన్నం సయించింది.

వాళ్ళు వచ్చారు. అక్షింతలు బాగానే వేశారు. ప్రమోషను మాట ఈ ఏడాదికి ఎత్తొద్దన్నారు. అయినా ఆశ్చర్యం, ప్రత్యూషకి ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్ర పట్టింది.

అటు సముద్రం వైపూ ఇటు ఒడ్డు వైపూ సమంగా ఒత్తిడి దింపుతూ వచ్చారు. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. మీటరు ముళ్ళు దేని దారి దానిదే. ఆరో రోజు మధ్యాహ్నం అటు ఒక్క వైపే ఒత్తిడి కొంచెం కదిపితే, అటు ముల్లు వెనకాలే ఇటు ముల్లు కూడా కదిలింది. మళ్ళీ కదిపి చూశారు. మళ్ళీ రెండూ కలిసే కదిలాయి.

"దారి ఇచ్చిందర్రోయ్!" అని ఎవరో కేక పెట్టారు. అమ్మయ్య! ప్రత్యూష ఉన్నపళంగా నేల మీద కూలబడి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం క్యాంటీనులో మాస్టారు టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నారు. ఇన్నాళ్ళూ ప్రత్యూష మనసులో దాచుకున్న మాట అప్పటికి బయటకొచ్చింది.

"మాస్టారూ, ఆ రోజు నేను నిజంగా తిప్పేసి ఉంటే?"

మాస్టారు సాసరు కింద పెట్టారు.

"నీ లెక్కని నేను నమ్మలేదమ్మాయ్," అన్నారు. "నిన్ను నమ్మాను."