కోటగోడకు ఆనించిన నిచ్చెనలు

ఒకానొక కాలంలో రేవనగరాన్ని దుర్జయవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ప్రతిదీ అనుమానమే. వంటవాడు నవ్వితే అన్నం ముట్టేవాడు కాదు. నవ్వకపోతే అసలే ముట్టేవాడు కాదు.

ఒకరోజు మేడ మీదినుంచి చూస్తుండగా, నేతగాళ్ళ వీధిలో ఒక నిచ్చెన ఆయన కంటపడింది. పొద్దున ఒక ఇంటి ముందు ఉన్నది మధ్యాహ్నానికి పక్కింటికి చేరింది. సాయంత్రానికి ఇంకో గడప దాటింది. మర్నాడు ఒక గునపమూ అలాగే చేతులు మారింది.

"నిచ్చెన కోట ఎక్కడానికి, గునపం గోడ తవ్వడానికి! ఇది కుట్ర కాక మరేమిటి?" అనుకున్నాడు రాజు.

భటులు వెళ్ళి సింగమ్మ అనే ఆవిడను పట్టుకొచ్చారు.

"ఆ పనిముట్లు నీవేనా?"

"నావే ప్రభూ! ఇంటికప్పు గడ్డితో నేసుకునేవాళ్ళకు నిచ్చెన, గుంత తీసేవాళ్ళకు గునపం అద్దెకిస్తాను. రోజుకు సోలెడు జొన్నలు. ఏడాదికి రెండుసార్లు వాడేదాన్ని ఇంటింటా కొనుక్కోవడం ఎందుకండీ?"

రాజు నమ్మలేదు. ఆమెను చెరలో పెట్టించి, "ఇకమీదట ఒకరి పనిముట్టు మరొకరు తాకరాదు. పక్షం రోజుల్లో ప్రతి ఇంటివారూ సొంత నిచ్చెన, సొంత గునపం కొనితీరాలి" అని దండోరా వేయించాడు.

ఆస్థానంలో పేరయ్య అనే చమత్కారి ఉన్నాడు. అతడు వినయంగా, "దివ్యమైన ఆజ్ఞ ప్రభూ! అందరూ కొన్నారో లేదో తమరే చూడాలి. గడువు రోజున జనాన్ని కోట దగ్గరికి రప్పిస్తాను" అన్నాడు.

వీడికెందుకింత సంబరమని రాజుకు అనుమానం వచ్చింది. కానీ కొననివాళ్ళు దొరికిపోతారన్న ఆశతో సరేనన్నాడు.

గడువు రోజు పొద్దున్నే కిటికీ తెరిచిన రాజు కెవ్వుమన్నాడు. కోటగోడ పొడుగునా వందలకొద్దీ నిచ్చెనలు! ఒక్కో నిచ్చెన కింద గునపం పట్టుకుని ఒక్కో మనిషి!

"తిరుగుబాటు! తలుపులు మూయండి! ఆ పేరయ్యను పట్టుకోండి!"

పేరయ్య తనంతట తానే వచ్చి చేతులు కట్టుకున్నాడు. "తిరుగుబాటు కాదు ప్రభూ, తమరి ఆజ్ఞే. ఒక్క నిచ్చెనను చూసి తమరికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. ఇప్పుడు ఏడువందలున్నాయి. ఇక తమరెలా నిద్రపోతారా అన్నదే నా బెంగ."

రాజుకు తన పొరపాటు తెలిసివచ్చింది. చెరలోంచి సింగమ్మను పిలిపించాడు.

"నిన్ను వదిలేస్తాను. కానీ రేపెవడైనా నా కోట ఎక్కడానికి నీ నిచ్చెన అడిగితే?"

"ఇది కప్పులు నేసే కాలం ప్రభూ. ఏటా ఈ రోజుల్లో నెలదాకా నిచ్చెన ఖాళీ ఉండదు. కుట్ర చేసేవాడైనా తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. మా వీధిలో గోల చెయ్యకుండా ఆగినవాడు ఇంతవరకూ లేడు. ఆ కేకలు తమరి మేడదాకా వినబడతాయి."

రాజు ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆజ్ఞ రద్దుచేసి, జనానికి పనిముట్ల ఖరీదు ఇప్పించి వాటిని తీసుకున్నాడు. వీధికో నిచ్చెన, వీధికో గునపం ఉంచి, వాటి పెత్తనం సింగమ్మకు అప్పగించాడు.

పేరయ్య భుజాన పట్టుశాలువా కప్పుతూ, "ఈసారి నాకు బుద్ధి చెప్పాలనిపిస్తే చెవిలో చెప్పవయ్యా! ప్రాణం పోయినంత పనైంది" అన్నాడు.